‘ఎర్రర్ 1’ అంటున్నది ఎవరు?

ప్రశ్న: అయ్యా, నేను ఖమ్మం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. మా దగ్గరున్న పాత తెలుగు పత్రికల సంచికలను స్కాన్ చేసి, ఆ బొమ్మల్లోని అక్షరాలను వెతకడానికి వీలైన పాఠంగా మార్చడానికి టెసెరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాంను వాడుతున్నాము. కంప్యూటరులో ఉబుంటు 22.04 ఉంది, ర్యామ్ 4 జీబీ. అందులో దొరికే 4.1.1 బదులు 5వ వెర్షన్‌ను సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసుకోమని మా బంధువుల అబ్బాయి సలహా ఇచ్చాడు. మొదటిసారి కాన్ఫిగర్ దగ్గరే ‘లెప్టోనికా 1.74 ఆర్ హయ్యర్ ఈజ్ రిక్వైర్డ్’ అని ఆగిపోయింది. లెప్టోనికా ఉన్నట్టు ప్యాకేజీల జాబితాలో కనిపిస్తూనే ఉంది. అతను చెప్పిన ఇంకో ప్యాకేజీ వేసి ‘మేక్ -జె’ కొడితే కంప్యూటరు బిగుసుకుపోయింది, పవర్ బటన్ నొక్కి ఆపవలసి వచ్చింది. మళ్ళీ మేక్ కొడితే ‘ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్’ అంది. ఫోల్డరంతా తుడిచేసి మొదటి నుంచి చేస్తే చివరిదాకా వెళ్ళింది గానీ, ప్రోగ్రాం నడపబోతే ‘లిబ్‌టెసెరాక్ట్.ఎస్ఓ.5’ను తెరవలేకపోతున్నానని చెబుతోంది. తప్పు వచ్చిన ప్రతిసారీ చివర ‘ఎర్రర్ 1’ అనో ‘ఎర్రర్ 2’ అనో ఉంటుంది. ఆ అంకెలకు అర్థం ఏమిటి? ఉబుంటునే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమంటారా? చివరి నాలుగు వరుసల ఫోటోను జతచేస్తున్నాను.

సమాధానం:

అమ్మా,

ముందు మీ చివరి సందేహం తీరుస్తాను. ఉబుంటును మళ్ళీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. అది ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే అవుతుంది. పైగా మీకు ఎదురైన తప్పుల్లో ఒక్కటి కూడా ఉబుంటు చెడిపోవడం వల్ల వచ్చింది కాదు కనుక, కొత్తగా వేసిన ఉబుంటులో కూడా అవి అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ వస్తాయి. మీరు పంపిన ఫోటో స్పష్టంగానే ఉంది గానీ, అందులో ఉన్న నాలుగు వరుసలు ఆ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తక్కువ పనికివచ్చే నాలుగు వరుసలు. అలా ఎందుకన్నానో చెబితే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

(ఈ జవాబులో ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిషు చిన్నక్షరాల్లో ఉండాలి, చుక్కలూ గీతలూ మాత్రం ఇక్కడ ఉన్నట్టే ఉండాలి.)

సోర్స్ కోడ్ నుంచి ఒక ప్రోగ్రాంను తయారుచేసే పని చూడటానికి ఒక్క ఆదేశంలా ఉంటుంది గానీ, దాని వెనక అరడజను పనిముట్లు ఒకదాని చేతిలోంచి ఇంకొకటి పని అందుకుంటూ పోతాయి. మీరు టైపు చేసిన ఆదేశాన్ని ముందు షెల్ చదువుతుంది. కావలసిన సరంజామా మీ కంప్యూటరులో ఉందో లేదో కాన్ఫిగర్ తనిఖీ చేస్తుంది. ఏ ఫైలును తయారుచేయాలో, దేన్ని వదిలేయవచ్చో మేక్ నిర్ణయిస్తుంది. సీ++ ఫైలును యంత్రభాషలోకి కంపైలర్ మారుస్తుంది. అలా మారిన ముక్కలన్నిటినీ లింకర్ ఒక్కటిగా కుడుతుంది. ప్రోగ్రాం తయారైన తరువాత మీరు దాన్ని నడిపిన ప్రతిసారీ లోడర్ అనే ఇంకొకటి దానికి అవసరమైన లైబ్రరీలను, అంటే ఇతర ప్రోగ్రాంలు వాడుకోవడానికి సిద్ధంగా ఉంచిన కోడ్ ఫైళ్ళను, తెచ్చి పెడుతుంది. తెర మీద కనిపించే వాక్యాలన్నీ ఒకే రంగులో, ఒకే అక్షరాలతో ఉంటాయి కనుక అవన్నీ ఒకరే చెబుతున్నట్టు మనకు తోస్తుంది. కానీ మీ ఉత్తరంలోని తప్పుల్లో ఒకటి కాన్ఫిగర్‌ది, ఒకటి లింకర్‌ది, ఒకటి లోడర్‌ది. కంప్యూటరు బిగుసుకుపోయిన వ్యవహారం వీటిలో ఎవరిదీ కాదు, అది లినక్స్ కెర్నల్‌కు, అంటే ప్రోగ్రాంలకు ర్యామ్‌ను పంచిపెట్టే ఉబుంటు మూలభాగానికి, సంబంధించినది. కాబట్టి ఏ తప్పు వచ్చినా ముందు వేసుకోవలసిన ప్రశ్న ‘దీన్ని ఎలా సరిచేయాలి’ అన్నది కాదు, ‘ఈ మాట అంటున్నది ఎవరు’ అన్నది. అది తేలితే, వెతకవలసిన చోటు దానంతట అదే తేలుతుంది.

ఇక ఆ అంకెల సంగతి. ‘ఎర్రర్ 1’ అంటున్నది మేక్. ఆ వరుస మొదట ‘మేక్:’ అనో, ‘మేక్[2]:’ అనో ఉండటాన్ని, ఆ తరువాత మూడు నక్షత్రాల గుర్తులు ఉండటాన్ని మీ ఫోటోలోనే చూడవచ్చు. మేక్ స్వయంగా దేన్నీ కంపైల్ చేయదు, ఇతరుల చేత చేయిస్తుంది. పని అప్పగించిన ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక అంకెను తిరిగి ఇస్తుంది. సున్నా అయితే పని సక్రమంగా జరిగిందని, వేరే ఏదైనా అయితే జరగలేదని అర్థం. కంపైలర్ విఫలమైతే సాధారణంగా 1ని ఇస్తుంది, కనుక మేక్ ‘ఎర్రర్ 1’ అని రాస్తుంది. అంటే ఆ అంకె తప్పు పేరు కాదు, ‘నేను అప్పగించిన పని జరగలేదు’ అన్న కబురు మాత్రమే. పెద్ద ప్రాజెక్టుల్లో ఒక మేక్ లోపలి ఫోల్డర్లలో ఇంకొక మేక్‌ను నడుపుతుంది. చదరపు కుండలీకరణాల్లోని అంకె ఆ లోతును చెబుతుంది. లోపలి మేక్ విఫలమైనప్పుడు అది తన పై మేక్‌కు 2ని ఇస్తుంది కనుక పై వరుసల్లో ‘ఎర్రర్ 1’, చివరి వరుసల్లో ‘ఎర్రర్ 2’ కనిపిస్తాయి. ఒకే కబురు మెట్టుమెట్టుకూ పైకి చేరుతోందన్నమాట. అసలు సంగతి కింది మెట్టు దగ్గర, అంటే తెర మీద పై వైపున ఉండిపోతుంది. మీరు కింది నాలుగు వరుసలను ఫోటో తీశారు. అది చాలామంది చేసే పనే.

అయినా కొన్ని అంకెలు కాస్త ఎక్కువ చెబుతాయి. 127 వస్తే ఆ పేరుగల ఆదేశమే షెల్‌కు దొరకలేదని అర్థం, అంటే ఏదో పనిముట్టును మీరు ఇన్‌స్టాల్ చేయలేదు. 126 అయితే ఫైలు దొరికింది గానీ దాన్ని నడిపే అనుమతి లేదు. విండోస్‌లో జిప్ విప్పి పెన్‌డ్రైవులో తెచ్చుకున్న సోర్స్ ఫోల్డర్లలో ఇది తరచుగా జరుగుతుంది. 137 అయితే 128కి 9 కలిపిన సంఖ్య. తొమ్మిదో నంబరు సిగ్నల్‌తో ఆ ప్రోగ్రాంను ఎవరో బలవంతంగా చంపేశారని దాని భావం.

మొదటి తప్పును పట్టుకోవాలంటే తెర మీద పరుగెత్తే వరుసలను ఒక ఫైలులోకి కూడా వెళ్ళేటట్టు చేయాలి. ‘మేక్ 2>&1 | టీ బిల్డ్.లాగ్’ అని కొడితే అవి తెర మీదా కనిపిస్తాయి, బిల్డ్.లాగ్ అనే ఫైలులోనూ చేరతాయి. మధ్యలో ఉన్న ‘2>&1’ను మరిచిపోకండి. తప్పులను తెలిపే వరుసలు మామూలు వరుసలతో కాకుండా వేరే దారిలో వస్తాయి. ఆ గుర్తు లేకపోతే లాగ్ ఫైలులో తప్పులు తప్ప మిగతావన్నీ ఉంటాయి! పని ఆగిన తరువాత ‘గ్రెప్ -ఎన్ ఎర్రర్: బిల్డ్.లాగ్ | హెడ్’ అని కొట్టి, వచ్చిన వాటిలో మొట్టమొదటి వరుసను చదవండి. ‘వార్నింగ్’ అన్న వరుసలు వందల్లో ఉన్నా భయపడనక్కరలేదు, వాటివల్ల పని ఆగదు. ‘నోట్’ అన్న వరుసలు పైనున్న తప్పుకు వివరణలు. సీ++లో ఒక్క హెడర్ ఫైలు దొరకకపోతే దాని మీద ఆధారపడిన యాభై చోట్ల యాభై తప్పులు పుట్టుకొస్తాయి. మొదటిదాన్ని సరిచేస్తే తక్కిన నలభై తొమ్మిది మాయమవుతాయి కనుక, వాటిని చదవడం కాలహరణమే. ‘-జె’తో ఒకేసారి నాలుగైదు ఫైళ్ళు కంపైల్ అవుతున్నప్పుడు వాటి వరుసలు ఒకదానిలో ఒకటి కలగలిసిపోతాయి. తప్పు ఎక్కడుందో అంతుచిక్కకపోతే ‘-జె’ తీసేసి ఉత్త ‘మేక్ వీ=1’ అని కొట్టండి, అక్కడ వీ మాత్రం పెద్దక్షరం. అప్పుడు పనులు ఒకదాని తరువాత ఒకటిగా సాగుతాయి, కంపైలర్‌కు అందిన పూర్తి ఆదేశం కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ మొదటి తప్పు. లెప్టోనికా అంటే బొమ్మలతో పనిచేయడానికి టెసెరాక్ట్ వాడుకునే లైబ్రరీ. ‘లెప్టోనికా ఉంది కదా, లేదంటుందేమిటి’ అన్న మీ ఆశ్చర్యం సహజమే. మీరు గ్రంథపాలకురాలు కనుక దీన్ని మీ పరిభాషలోనే చెబుతాను. ఒక లైబ్రరీకి రెండు భాగాలు ఉంటాయి. ఒకటి హెడర్ ఫైలు, అంటే కేటలాగు కార్డు. అందులో ఏమేమి ఉన్నాయో, వాటిని ఎలా పిలవాలో ఉంటుంది గానీ విషయం ఉండదు. రెండోది అసలు లైబ్రరీ ఫైలు, అంటే బీరువాలోని పుస్తకం. తయారైన ప్రోగ్రాంను నడిపేవాళ్ళకు పుస్తకం ఉంటే చాలు. కొత్త ప్రోగ్రాంను తయారుచేసేవాళ్ళకు కార్డు కూడా కావాలి. ఉబుంటు, డెబియన్‌లలో ఈ రెంటినీ వేరువేరు ప్యాకేజీలుగా ఇస్తారు. మీ జాబితాలో కనిపించినది ‘లిబ్‌లెప్ట్5’, అది పుస్తకం. టెసెరాక్ట్ 4.1.1ను వేసినప్పుడే దానితోపాటు వచ్చి ఉంటుంది. కాన్ఫిగర్ అడిగినది ‘లిబ్‌లెప్టోనికా-డెవ్’, అది కార్డుల పెట్టె. పేరు చివర ‘-డెవ్’ ఉన్నవన్నీ ఇలాంటివే. ఫెడోరాలో అయితే ‘-డెవెల్’ అని ఉంటుంది. అసలు ఆ తప్పు వాక్యం పక్కనే, ఫలానా ప్యాకేజీని వేసి చూడండి అని కాన్ఫిగరే ఇంకొక వాక్యంలో చెబుతుంది. తప్పు చూసిన కంగారులో మనం రెండో వాక్యం దాకా వెళ్ళము.

అన్ని ప్రాజెక్టులూ అంత మర్యాదగా చెప్పవు. అప్పుడు చూడవలసింది అదే ఫోల్డరులో కాన్ఫిగర్ రాసి ఉంచే ‘కాన్ఫిగ్.లాగ్’ అనే ఫైలు. కాన్ఫిగర్ ఒక్కొక్క వస్తువు ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్నచిన్న సీ ప్రోగ్రాంలు తానే రాసి, కంపైల్ చేసి చూస్తుంది. ఏ పరీక్ష ఎందుకు తప్పిందో, కంపైలర్ ఆ సమయంలో ఏమన్నదో ఆ ఫైలులో పూర్తిగా ఉంటుంది. ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది. ఆ ఫైలు చివర్లో వందల వరుసల చరరాశుల పట్టీ ఉంటుంది కనుక, అడుగుకు వెళ్ళి చూసినవాళ్ళకు ఏమీ అర్థం కాదు. ‘క్యాష్ వేరియబుల్స్’ అన్న శీర్షికను వెతికి, దానికి కాస్త పైన చదవండి. లెప్టోనికా విషయంలో అయితే అక్కడ ‘లెప్ట్’ అనే ప్యాకేజీ తన వెతుకులాట దారుల్లో కనిపించలేదని, లైబ్రరీల ఆచూకీ చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ అనే పనిముట్టు అన్న మాట ఉంటుంది. ‘పీకేజీ-కాన్ఫిగ్ --మోడ్‌వెర్షన్ లెప్ట్’ అని మీరే అడిగి చూడవచ్చు. ఉబుంటు 22.04లో 1.82.0 అని జవాబు రావాలి. అడిగినది 1.74 మాత్రమే కనుక లెప్టోనికాను కూడా సోర్స్ నుంచి కంపైల్ చేయమని ఎవరైనా చెబితే వినవద్దు. ప్యాకేజీగా దొరికేదాన్ని చేత్తో తయారుచేసుకుంటే ఒకే లైబ్రరీ రెండు చోట్ల రెండు వెర్షన్లలో ఉండిపోయి, ఏది ఎప్పుడు దొరుకుతుందో తెలియని అవస్థ వస్తుంది.

దీనితో ముడిపడిన మరొక తప్పును కూడా చెప్పి ఉంచుతాను, ఎందుకంటే దాని మాటలకూ కారణానికీ పొంతన ఉండదు. సోర్స్‌లో కాన్ఫిగర్ ఉండదు, ‘./ఆటోజెన్.ఎస్‌హెచ్’ దాన్ని తయారుచేస్తుంది. ఆ సమయానికి పీకేజీ-కాన్ఫిగ్ ఇన్‌స్టాల్ అయి లేకపోతే, దాన్ని పిలిచే చోట షెల్ ఆదేశాలుగా మారవలసిన సంకేత పదం మారకుండా అలాగే ఉండిపోయిన కాన్ఫిగర్ తయారవుతుంది. తరువాత దాన్ని నడిపితే ఏదో వరుసలో ‘సింటాక్స్ ఎర్రర్’ అంటుంది. ఆ మాట అనేది షెల్. చదివినవాళ్ళు కాన్ఫిగర్ ఫైలు చెడిపోయిందని దాన్ని దిద్దబోతారు. చేయవలసింది పీకేజీ-కాన్ఫిగ్ వేసి ఆటోజెన్‌ను మళ్ళీ నడపడమే. జీ++, మేక్, ఆటోమేక్, లిబ్‌టూల్, పీకేజీ-కాన్ఫిగ్, లిబ్‌లెప్టోనికా-డెవ్, ఈ ఆరింటినీ ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’తో (‘సుడో’ అంటే నిర్వాహక అనుమతితో నడపమని) ముందే వేసుకుంటే మీకు ఈ దశలో ఆటంకం రాకూడదు.

కంప్యూటరు బిగుసుకుపోవడానికి కారణం ‘-జె’ పక్కన అంకె లేకపోవడం. ‘-జె2’ అంటే ఒకేసారి రెండు పనులు. అంకె లేని ‘-జె’ అంటే హద్దే లేదని అర్థం. మేక్ ఆ మాటను అక్షరాలా పాటించి, వీలున్న ఫైళ్ళన్నిటినీ ఒకేసారి కంపైలర్ చేతిలో పెడుతుంది. సీ++ కంపైలర్ ఒక్కొక్క ఫైలుకు వందల మెగాబైట్లు తీసుకోగలదు కనుక 4 జీబీ ర్యామ్ ఎంతోసేపు నిలవదు. ర్యామ్ చాలనప్పుడు దానికి బదులుగా వాడే డిస్క్ మీది చోటును, అంటే స్వాప్‌ను, వాడుకుంటూ యంత్రం ఈడ్చుకుపోతుంది. జ్ఞాపకం పూర్తిగా అయిపోయినప్పుడు కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రాంను ఎంచుకుని చంపుతుంది. అలా చంపబడినది కంపైలర్ అయితే ‘కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్’ అన్న వరుస కనిపిస్తుంది. అది కంపైలర్‌లో లోపమనీ, టెసెరాక్ట్ కోడ్‌లో తప్పనీ అనుకుని కంగారుపడతారు. ‘సుడో డీమెసేజ్’ అని నేను పలికే ఆదేశంలో, అక్షరాలా అయితే డి-ఎం-ఇ-ఎస్-జి, ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న మాట ఉందేమో చూస్తే అనుమానం తీరుతుంది. మీ యంత్రానికి ‘మేక్ -జె2’ సరిపోతుంది. బ్రౌజరు తెరిచి ఉంచితే ‘-జె’ అసలు లేకుండా కొట్టండి. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఆ తరువాత వచ్చిన ‘ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్’ నా దృష్టిలో మీ ఉత్తరంలోని అన్ని తప్పుల్లోకీ ఆసక్తికరమైనది, ఎందుకంటే అది మేక్ ఆలోచించే తీరును బయటపెడుతుంది. మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేశారు. దాని మూలసూత్రం ఇప్పటికీ అదే: తయారైన ఫైలు సమయం మూల ఫైలు సమయం కంటే కొత్తదైతే ఆ పని ముగిసినట్టే, మళ్ళీ చేయనక్కరలేదు. ఫైలు లోపల ఏముందో మేక్ చూడదు, గడియారాన్ని మాత్రమే చూస్తుంది. మీరు పవర్ బటన్ నొక్కిన క్షణంలో కంపైలర్ కొన్ని ఆబ్జెక్ట్ ఫైళ్ళను, అంటే యంత్రభాషలోకి మార్చిన ముక్కలను, రాస్తూ ఉంది. పేర్లు డిస్క్ మీదికి చేరాయి, లోపలి సమాచారం చేరలేదు. అలా సున్నా బైట్ల ఫైళ్ళు మిగిలాయి. కంప్యూటరు మళ్ళీ లేచాక మేక్ వాటి సమయం చూసి, ఇవి కొత్తవే కదా అని దాటిపోయింది. చివరన అన్నిటినీ కుట్టవలసిన లింకర్ ఆ ఖాళీ ఫైలును తెరిచి, ఇదేమి ఫైలో నాకు తెలియడం లేదు అంది. ‘ఫైండ్ . -నేమ్ "*.ఓ" -సైజ్ 0’ అని కొట్టి ఉంటే అవి వరుసగా కనిపించేవి. మీరు ఫోల్డరంతా తుడిచేయడం వల్ల పని జరిగింది గానీ, ‘మేక్ క్లీన్’ అంటే చాలేది. అది తయారైన ముక్కలను మాత్రమే తీసేస్తుంది. కాన్ఫిగర్ ఫలితాలను కూడా చెరిపేసి మొదటి నుంచి రావాలంటే ‘మేక్ డిస్ట్‌క్లీన్’ ఉంది. కొత్తగా ఏదైనా ‘-డెవ్’ ప్యాకేజీ వేసిన తరువాత కాన్ఫిగర్‌ను తప్పనిసరిగా మళ్ళీ నడపాలి. పాత తనిఖీ ఫలితాలతోనే మేక్ కొడుతూ, ప్యాకేజీ వేసినా మారలేదేమిటని వగచేవాళ్ళను చాలామందిని చూశాను.

గడియారం మీదే ఆధారపడటం వల్ల ఇంకొక వింత కూడా జరుగుతుంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో తేదీ వెనక్కి పోతుంది, అప్పుడు ఫైళ్ళన్నీ భవిష్యత్తులో పుట్టినట్టు మేక్‌కు కనిపిస్తాయి. ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’ అన్న హెచ్చరిక కనిపిస్తే కోడ్‌ను కాదు, కంప్యూటరు తేదీని చూడాలి. కళాశాలల్లోని పాత యంత్రాలకు ఇది కొత్త కాదు కనుక చెబుతున్నాను. అలాగే మేక్‌కు సూచనలిచ్చే మేక్‌ఫైలును మీరు స్వయంగా దిద్దవద్దు. అందులో ఆదేశాల ముందు ఖాళీలు కాదు, ట్యాబ్ ఉండాలి. ఎడిటరు ట్యాబ్‌ను ఖాళీలుగా మార్చిందంటే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది. అప్పటికే ఓ పన్నెండు మంది స్నేహితులు వాడుతున్నారు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక దాన్ని మార్చలేదని ఫెల్డ్‌మన్ తరువాతి కాలంలో చెప్పారు. ఆ పన్నెండు మంది సౌకర్యానికి ప్రపంచమంతా యాభై ఏళ్ళుగా ట్యాబ్ నొక్కుతోంది.

కంపైలర్, లింకర్ మీకు చెప్పగలిగే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. కంపైలర్ ఒక ‘.హెచ్’ ఫైలు పేరు చెప్పి ‘నో సచ్ ఫైల్’ అంటే కార్డు దొరకలేదని, ‘-డెవ్’ ప్యాకేజీ వేయాలని అర్థం. లింకర్ ‘కెనాట్ ఫైండ్ -ఎల్...’ అంటే ఆ అక్షరాల తరువాతి పేరుగల పుస్తకమే దొరకలేదని అర్థం. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటే కార్డు ప్రకారం ఉండవలసిన అధ్యాయం తాను తెరిచిన పుస్తకాల్లో లేదని అర్థం. చాలాసార్లు కార్డు ఒక వెర్షన్‌ది, పుస్తకం ఇంకొక వెర్షన్‌ది కావడమే దీనికి కారణం. లెప్టోనికాను రెండు చోట్ల ఉంచవద్దని పైన అన్నది ఇందుకే. ‘కలెక్ట్2: ఎర్రర్: ఎల్‌డీ రిటర్న్‌డ్ 1’ అన్న వరుస కూడా మేక్ అనే ‘ఎర్రర్ 1’ లాంటి కబురే, దాని పైన చూడండి.

ఇక మీరు ఇప్పుడు ఆగి ఉన్న చోటు. ‘లిబ్‌టెసెరాక్ట్.ఎస్ఓ.5’ను తెరవలేకపోతున్నానన్నది లోడర్. అంటే కంపైలర్, లింకర్, మేక్ అందరూ తమ పని సక్రమంగా ముగించారు. మీరు గట్టుకు చేరువలోనే ఉన్నారు. ‘మేక్ ఇన్‌స్టాల్’ కొత్త లైబ్రరీని ‘/యూఎస్ఆర్/లోకల్/లిబ్’ అనే ఫోల్డరులో పెట్టింది. లోడర్ ప్రోగ్రాం నడిచిన ప్రతిసారీ అన్ని ఫోల్డర్లనూ గాలించదు, ముందే తయారుచేసి ఉంచిన ఒక పట్టికను చూస్తుంది. పుస్తకం బీరువాలోకి చేరింది గానీ రిజిస్టరులో ఎక్కలేదు, అదీ సంగతి. ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’ అని ఒక్కసారి కొడితే ఆ పట్టిక కొత్తగా తయారవుతుంది. ఆ ఆదేశం పని జరిగితే ఏమీ మాట్లాడదు, కనుక జవాబు రాలేదని మళ్ళీమళ్ళీ కొట్టకండి. ‘ఎల్‌డీడీ /యూఎస్ఆర్/లోకల్/బిన్/టెసెరాక్ట్’ అని అడిగితే ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీల వరుస వస్తుంది. ఏ పేరు ఎదురుగానూ ‘నాట్ ఫౌండ్’ అని లేకపోతే అది సరిగ్గా ఉన్నట్టు.

ఆ తరువాత ‘టెసెరాక్ట్ --వెర్షన్’ అని కొడితే బహుశా 4.1.1 అనే రావచ్చు! అదే టెర్మినల్‌లో పాతదాన్ని ముందు నడిపి ఉంటే షెల్ దాని దారిని గుర్తుపెట్టుకుంటుంది. ‘హ్యాష్ -ఆర్’ అని కొట్టండి, లేదా టెర్మినల్ మూసి తెరవండి. ‘విచ్ -ఏ టెసెరాక్ట్’ అంటే రెండు టెసెరాక్ట్‌లూ ఏ వరుసలో ఉన్నాయో కనిపిస్తుంది. ఈ తయారీ మెట్లలో ‘సుడో’ను ‘మేక్ ఇన్‌స్టాల్’కూ ‘ఎల్‌డీకాన్ఫిగ్’కూ మాత్రమే వాడండి. ‘సుడో మేక్’ అన్నారంటే తయారైన ఫైళ్ళు రూట్ అనే నిర్వాహక ఖాతా పేరున ఉండిపోయి, తరువాత మామూలుగా మేక్ కొట్టినప్పుడు ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. పని అయిపోయింది కదా అని సోర్స్ ఫోల్డరును తీసేయకండి. ఎప్పుడైనా దీన్ని వదిలించుకోవాలనుకుంటే అందులోనే ‘సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్’ కొట్టాలి.

మీరింకా చేరని మెట్టు ఒకటి ఉంది, అక్కడ తప్పు రావడం దాదాపు ఖాయం కనుక ముందే చెబుతున్నాను. తెలుగు పేజీని ఇచ్చి నడపగానే ‘టెల్.ట్రెయిన్డ్‌డేటా’ను తెరవలేకపోయానని అంటుంది. ఇప్పుడు మాట్లాడుతున్నది టెసెరాక్టే. 22.04లో ప్యాకేజీగా వచ్చిన తెలుగు డేటా ‘/యూఎస్ఆర్/షేర్/టెసెరాక్ట్-ఓసీఆర్/4.00/టెస్‌డేటా’లో ఉంటుంది. మీరు కంపైల్ చేసినది ‘/యూఎస్ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటా’లో వెతుకుతుంది. పాత చోటి నుంచి ఆ ఫైలును కొత్త చోటికి కాపీ చేస్తే చాలు, 4వ వెర్షన్ డేటా 5లోనూ పనిచేస్తుంది. లేదా ‘టెస్‌డేటా_ప్రిఫిక్స్’ అనే చరరాశిని, ఇది మొత్తం పెద్దక్షరాల్లో, ఆ పాత ఫోల్డరుకు చూపించవచ్చు. 3వ వెర్షన్ కాలపు సలహాల్లో దాని పై ఫోల్డరును చూపించమని ఉంటుంది, 4 నుంచి టెస్‌డేటా ఫోల్డరునే చూపించాలి. సోర్స్ కోడ్ దొరికే గిట్‌హబ్ అనే వెబ్‌సైటు నుంచి ఆ ఫైలును దించుకునేవాళ్ళు కొన్నిసార్లు ఫైలుకు బదులు, ఫైలును చూపించే వెబ్ పేజీని భద్రపరుచుకుంటారు. పేరు సరిగ్గానే ఉంటుంది, లోపల హెచ్‌టీఎంఎల్ ఉంటుంది. ‘ఫైల్ టెల్.ట్రెయిన్డ్‌డేటా’ అని కొట్టి చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. చివరగా ‘టెసెరాక్ట్ --లిస్ట్-లాంగ్స్’ అన్నప్పుడు జాబితాలో ‘టెల్’ కనిపించాలి.

మీరు అడగని ఒక మాట కూడా చెప్పాలి. ఈ శ్రమంతా 5వ వెర్షన్ తెలుగు అక్షరాలను మరింత బాగా గుర్తిస్తుందన్న ఆశతో అయితే, ఆ ఆశను కాస్త తగ్గించుకోండి. టెసెరాక్ట్‌లో పెద్ద మార్పు 2018లో 4వ వెర్షన్‌తో న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి రావడం. 2021లో వచ్చిన 5, అదే డేటాను వాడుతూ ముఖ్యంగా వేగాన్ని మెరుగుపరిచింది. మాసిపోయిన పత్రికల విషయంలో 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలతో) వంకర లేకుండా స్కాన్ చేయడం వల్ల కలిగే లాభం వెర్షన్ మారడం వల్ల రాదు. 5 కావలసిందే అనుకుంటే ఉబుంటు 24.04లో 5.3.4 ప్యాకేజీగానే దొరుకుతుంది. కళాశాల యంత్రాన్ని దానికి అప్‌గ్రేడ్ చేసే వీలుంటే నేను ఆ దారినే సూచిస్తాను. ఇంతదూరం వచ్చారు కనుక ఇప్పటికి మాత్రం ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’ కొట్టి, ఉన్నదాన్ని నడిపి చూడండి.

ఏదైనా తేడా వస్తే ఫోటో వద్దు. బిల్డ్.లాగ్‌లో మొదటి ‘ఎర్రర్:’ వరుసను, దానికి పైనున్న ఇరవై వరుసలను, కిందనున్న ఐదింటిని కాపీ చేసి పంపండి. కాన్ఫిగర్ దగ్గర ఆగితే కాన్ఫిగ్.లాగ్‌ను పూర్తిగా పంపండి.